మరిడమ్మ పిలుపు కొమ్ము

మా ఊళ్ళో మరిడమ్మ పేరెత్తితే ఇప్పటికీ కొందరు గొంతు తగ్గిస్తారు. మంత్రగత్తె అని ఒకరు, ఎద్దును మింగిన మనిషి అని ఇంకొకరు. నోటికి హద్దూ అదుపూ ఉండాలి. ఆమె నాకు తోటికోడలు. ఆమె మొగుడు జోగయ్య బావ మా ఆయనకి సొంత అన్న. ఒకే చూరు కింద రెండు వాటాల్లో కాపురాలు చేశాం. మా ఆయన నెల్లిమర్ల జూటుమిల్లులో పనికి పోయి నెలకోసారి మొహం చూపించేవాడు కాబట్టి, నాకు తోడూ నీడా అన్నీ ఆమే. ఆమెను నేను అప్పా అని పిలిచేదాన్ని, ఆమె నన్ను బుల్లీ అనేది. ఆమె ఏం చేసిందో, ఎందుకు చేసిందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. అందుకే చెబుతున్నాను. వినేవాళ్ళు వినండి, చెవులు మూసుకునేవాళ్ళు మూసుకోండి.

మాది పాలకొండకి ఎగువన, కొండ మొదట్లో ఉన్న రాయిగెడ్డ. ఊరి పక్కనుంచి వాగు పారుతుంది, మేం గెడ్డ అంటాం. గెడ్డకి ఇవతల చోళ్ళు, చెరకు, వరి. అవతల అడవి. చేను పొట్టకొచ్చిందంటే చాలు, అడవి పందులు మందలుగా దిగుతాయి. ఒక్క పూటలో ఏడాది కష్టాన్ని తవ్విపోస్తాయి. వాటిని ఆపడానికి మాకున్న ఆయుధం తుపాకీ కాదు, మరిడమ్మ చేసిన కొమ్ము.

ఆమె పుట్టింటివాళ్ళు తాతల నాటి నుంచి ఆవు కొమ్ములతో జంతువుల కూతలు చేసేవాళ్ళు. కొడుకుల్లేని ఇంట్లో పుట్టింది గనుక ఆ విద్య ఆమె చేతికి వచ్చింది. కాపురానికి వచ్చినప్పుడు చీరల మూటకంటే పనిముట్ల మూట పెద్దదిగా తెచ్చుకుందని మా అత్త చచ్చేదాకా దెప్పింది.

కొమ్ము చెయ్యడమంటే ఆషామాషీ పని కాదు. చచ్చిన ఆవు కొమ్ముల్ని తెచ్చి పెంటకుప్పలో పాతిపెట్టేది. లోపలి ఎముక కుళ్ళి వదులయ్యాక పైకి తీసి, రాతికేసి కొట్టి ఆ ఎముకని లాగేసేది. ఆ వాసనకి నేను ముక్కు మూసుకుని పెరట్లోంచి పరిగెత్తేదాన్ని. ఆమె మాత్రం పాటలు పాడుకుంటూ కొమ్ము లోపలంతా కొక్కెపు కత్తితో గీకేది. మొన రంపంతో కోసి, ఎర్రగా కాల్చిన చువ్వతో బెజ్జం పెట్టేది. ఆముదం రాసి సెగ చూపిస్తే కొమ్ము మెత్తబడుతుంది. అప్పుడు మూతి ఎంత తెరుచుకోవాలో అంత నొక్కేది. ఆ తర్వాత వెదురు పేడుతో పల్చటి నాలిక చెక్కి, బెజ్జంలో పెట్టి, తేనెమైనంతో బిగించేది. కూత అంతా ఆ నాలికలోనే ఉంటుంది. పల్చగా చెక్కితే జింకపిల్ల ఏడుపు, మందంగా వదిలితే పంది గురక. ముసలి ఆవు కొమ్ములో గొంతు బొంగురుగా వస్తుందని, ఇంకా ఈనని పడ్డ కొమ్ములో వణుకు ఉంటుందని చెప్పేది. నాకు రెండూ ఒకేలా వినబడేవి. అలాగని అంటే నవ్వి, "నీ సెవుల్లో మైనం ఎట్టినారేటే?" అనేది.

చేసేది ఆమె, ఊదేది జోగయ్య బావ. ఆయన ఊపిరి అలాంటిది. చిరుతపులి కూతకి ఊదాలి, పీల్చాలి, మళ్ళీ ఊదాలి, రంపం కోసినట్టు రావాలి. బావ మంచె మీద కూర్చుని ఆ కూత తీస్తే గెడ్డ అవతల పందులు అటునుంచి అటే పారిపోయేవి. ఒకసారి మా వీధి కుక్కలన్నీ కట్టగట్టుకుని మా వంటింట్లో దూరాయి. ఊళ్ళో ప్రతి మంచె మీదా ఆమె చేసిన కొమ్మే. వీటిని తోలుడు కొమ్ములంటారు. జంతువుని తోలేయడానికే తప్ప పిలవడానికి కాదు.

పిలిచే కొమ్ము ఇంకొకటి ఉంటుంది. దాని దగ్గరే వచ్చింది చిక్కంతా.

ఊరికి పెద్ద రైతు నరసింగరావు. సగం పల్లం వాడిదే, గెడ్డ నీళ్ళు మళ్ళకి వదిలే మదుము తాళం వాడి చేతిలోనే, ఊళ్ళో తుపాకీ వాడొక్కడికే. అందరూ బాబు బాబు అంటారు. నేను వాడనే అంటాను, ఎవరేమనుకున్నా సరే. వాడికి వేట పిచ్చి, దానికి తగ్గ చూపు లేదు. మసక పడితే ఎదుట ఉన్నది తాటిచెట్టో తాతయ్యో తెలీదు. చూపు లేదని ఒప్పుకోవడం నామోషీ కాబట్టి, చప్పుడు వినబడిన వైపు పేల్చేవాడు. తగిలితే తన గురి, తగలకపోతే పక్కవాడి తప్పు. జీలుగు కల్లు పడితే ఇక చెప్పక్కర్లేదు.

అరవై ఆరులో దసరాకి ముందు వాడు మా గుమ్మంలోకి వచ్చాడు. "జోగయ్యా, మీ ఇంటిదాన్ని ఒక పిలుపు కొమ్ము సెయ్యమను. ఆడపంది కూత రావాల. మగపంది నా మంచె కాడికి నడిసి రావాల" అన్నాడు.

మరిడమ్మ లోపలినుంచే జవాబిచ్చింది. "మా అయ్య పిలుపు కొమ్ము సేసీవోడు కాదు బాబూ. నమ్మి వచ్చినదాన్ని సంపడానికి గొంతు సెయ్యకూడదు అనీవోడు. నాను సెయ్యను."

వాడు నవ్వి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి మా మడికి నీళ్ళు రాలేదు. పొట్ట మీదున్న వరి ఎండిపోతుంటే బావ ఆమె కాళ్ళావేళ్ళా పడ్డాడు. "ఓలె మరిడీ, ఒక్కటి సేసీయే. పందే కదా, మనిసి కాదు కదా" అన్నాడు. ఆ మాట ఆమె ఎన్నిసార్లు నాకు చెప్పి ఏడ్చిందో. పంటకోసం, మొగుడి కోసం చేసింది. ఆ కొమ్ములోంచి ఊపిరి పీలిస్తే, మగపందిని పిలిచే ఆడపంది అచ్చంగా తుప్పల్లో నిలబడ్డట్టుండేది.

దసరా వెళ్ళాక ఒక సాయంత్రం వాడూ, వాడి కంబారి సోములూ, బావా గెడ్డ ఒడ్డుకి వెళ్ళారు. కంబారి అంటే ఏడాది పొడుగునా ఇంట్లో ఉండే పాలేరు. నరసింగరావు చెరకు తోటలో మంచె ఎక్కాడు, బావ కొమ్ముతో తుప్పల్లో దూరాడు. దీపాలు పెట్టే వేళకి తుపాకీ మోత వినబడింది. పంది పడింది కాబోలు, వాటా వస్తుందిలే అని నేను మసాలా కూడా నూరుకున్నాను. గోనెపట్టాలో చుట్టి తెచ్చింది పందిని కాదు, బావని.

"పంది పొడిసీసింది" అన్నాడు నరసింగరావు, మా గుమ్మం బయటే నిలబడి. "కూతకొచ్చి మీద పడిపోనాది. నాను పేల్సేసరికే అయిపోనాది. నానేటి సేత్తాను?"

సోములు తల ఎత్తలేదు. బావ చేతిలో ఉండాల్సిన కొమ్ము లేదు. గెడ్డలో పడిపోయిందన్నారు.

మరిడమ్మ కుండలతో నీళ్ళు తెచ్చి తానే బావకి స్నానం చేయించబోయింది. గోనెపట్టా తీసిన క్షణంలో ఆమె చేతులు ఆగిపోయాయి. నేను పక్కనే ఉన్నాను, నేనూ చూశాను. ఛాతీ నిండా రేగి గింజంత చిల్లులు.

ఊరి పెద్ద కూర్మయ్యని పిలిచింది. ఆయన మాకు మావ వరస. "పంది పొడిస్తే సీరుకుపోతాది మావా. ఇలగ బెజ్జాలు పడిపోవు. సూడు. నీ కల్లతో నువ్వు సూడు" అంది.

ఆయన చూశాడు. చూసి కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "పోయినోడు పోనాడమ్మా. ఆ బాబుతో పెట్టుకుని మనం ఈ ఊల్లో బతగ్గలమా? పందే పొడిసిందనుకో. మాకూ అలగే అనుకోడం మంచిది" అన్నాడు. ఊరంతా అలాగే అనుకుంది. ఠాణా నుంచి వచ్చిన మనిషి బాబు ఇంట్లో భోజనం చేసి, అలాగే రాసుకుపోయాడు. అందరూ కలిసి ఎంత సుఖంగా అబద్ధాన్ని మింగారో తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

దినవారాల నాడు వాడి ఇంటినుంచి బండి మీద ధాన్యం బస్తాలు వచ్చాయి. మదుము కూడా తెరిచాడు. మా మడి నిండా నీళ్ళు. మరిడమ్మ బస్తాల్ని ఒక్కొక్కటీ లాక్కెళ్ళి వీధి మధ్యలో పడేసింది. ఊరి కోళ్ళన్నీ పండగ చేసుకున్నాయి.

ఆ రోజు పొయ్యి ముందు కూర్చుని నాతో అంది. "ఆడి ధాన్యం నాకొద్దు. ఆణ్ణి జైల్లో ఎయ్యమని కూడా నాను అడగను, ఎయ్యరు గాబట్టి. నాకు ఒక్కటి కావాల బుల్లీ. ఆడు నా గుమ్మం ముందర నిలబడి, ఊరంతా సెవులారా ఇంటన్నప్పుడు, నానే కాల్సినానని ఒప్పుకోవాల. జోగయ్యని పంది పొడిసిందన్న మాట ఈ ఊల్లో ఎవడి నోటా ఉండకూడదు. అంతవరకూ నాను మనిసిని కాను."

ఒప్పుకుంటాడా వాడు? నేను అదే అడిగాను. "ఒప్పుకోడు. ఒప్పించాల" అంది.

తర్వాత ఆమె ఆ మాటే ఎత్తలేదు. ఎప్పటిలాగే కొమ్ములు గీకేది. నరసింగరావు వీధిన పోతుంటే లేచి నిలబడేది కూడా. నాకు ఒళ్ళు మండిపోయి, "ఏటప్పా, ఆడికి దండాలు కూడా ఎడతావా?" అని అరిచాను. "ఆడు నన్ను మర్సిపోవాల గదే" అంది.

వాడికి ఒక ఎద్దు ఉండేది. తెల్లోడని పేరు. సంతలో పదిమంది కళ్ళూ పడ్డ దాన్ని పట్టుకొచ్చాడు. కొమ్ములకి ఇత్తడి తొడుగులు, మెడలో గంటలు. పెళ్ళాం పిల్లలకి పెట్టని ముద్దులు దానికి పెట్టేవాడు. కట్టు విప్పి ఊరిమీదికి వదిలేవాడు. అది ఎవరి చేలో పడి మేసినా బందెలదొడ్డికి తోలే ధైర్యం ఎవరికీ లేదు. గెడ్డ ఒడ్డున, వాడి చెరకు తోటని ఆనుకుని మాకు చిన్న చోడి చేను ఉంది. రెంటికీ మధ్య తుప్పలు. మరిడమ్మ మరుసటేడు ఆ చేను కొయ్యలేదు. వెన్నులు పండి రాలిపోతున్నా కొయ్యలేదు. తెల్లోడు వచ్చి మేస్తుంటే గట్టు మీద కూర్చుని చూసేది. అంతటితో ఆగిందా? రోజూ సాయంత్రం తవుడూ ఉప్పుగల్లూ కలిపి తట్టలో పట్టుకెళ్ళి తుప్పల్లో పెట్టేది. మెడలో గంటలు చప్పుడు చేస్తాయని, దాన్ని బుజ్జగించి వాటిలో మట్టి కూడా కూరింది. ఆమెకి మతి పోయిందనుకుని నేను మా ఆయనకి కబురు పెట్టబోయాను.

"ఎందుకప్పా ఈ సేవ? ఆడి ఎద్దు మన పంట తింటే, మనమే తవుడు ఎడతామా?"

"దీపాలెట్టీ ఏల అవ్వగానే దానంతట అది ఇక్కడికి రావాల. అలవాటు అవ్వాల" అంది. అప్పుడు నాకు అర్థమైంది. "అప్పా, ఎద్దు. పాపం తగులుతాది" అన్నాను. "తగుల్తాది. నాకు తెల్సు" అంది.

పిలుపు కొమ్ము మళ్ళీ చేసింది. ఈసారి ఎవరూ అడగలేదు. మా ఇంట్లోనే ముసలిదై చచ్చిన కర్రావు కొమ్ము పెంటలోంచి తీసి, నాలిక మీద నాలిక చెక్కుతూ కూర్చుంది. ఒకటి గొంతు సన్నం, ఒకటి మరీ బొంగురు. నచ్చనివి పొయ్యిలో పడేసింది. బావ ఊపిరి ఆమెకి లేదు, పీల్చి పీల్చి దగ్గుతూ కళ్ళ నీళ్ళు పెట్టుకునేది. చివరికి ఒక మునిమాపు వేళ గెడ్డ ఒడ్డున పీలిస్తే, అవతలి గట్టు మీదికి మగపంది ఒకటి వచ్చి నిలబడి చెవులు రిక్కించింది. దాన్ని చూసి ఆమె మొహంలో నవ్వు వచ్చింది. మంచి నవ్వు కాదది.

మార్గశిరం వచ్చింది. వరి కోతకి తయారుగా ఉంది. నరసింగరావుకి కొత్త పంట ముందు పెద్దల్ని పిలిచి పంది మాంసం పెట్టడం ఆనవాయితీ. బావ పోయాక వాడి కోసం తుప్పల్లో దూరి కొమ్ము ఊదడానికి ఊళ్ళో ఒక్క మగాడూ ఒప్పుకోలేదు. పంది పొడిచిందని నమ్మినవాళ్ళంతా ఎందుకు ఒప్పుకోలేదో మరి! అందుకని వాడు మంచె మీద కూర్చుని, దానంతట అది వచ్చే పందికోసం కాపు కాస్తున్నాడు. ఆ సాయంత్రం కూర్మయ్యా, ఇంకొందరు పెద్దలూ, సోములూ మంచె కింద చేరారు. కల్లు కుండ మధ్యలో ఉంది.

నన్ను రావద్దంది. వెళ్ళాను. గెడ్డ గట్టు కింద లోతుగా ఉన్న చోట, రాతి చాటున ఇద్దరం కూర్చున్నాం. పైన తుప్పల్లో తెల్లోడు తవుడు నాకుతున్న చప్పుడు వినబడుతోంది. మరిడమ్మ కొమ్ము మూతి తుప్పల వైపు తిప్పి పీల్చింది.

అబ్బ, ఆ కూత! నా పక్కన కూర్చున్నది మనిషేనా అని తిరిగి చూశాను. మంచె దగ్గర మాటలు ఆగిపోయాయి. రెండోసారి పీల్చింది. తెల్లోడు బెదిరి కదిలింది, తుప్పలు ఊగాయి. జోడుగొట్టం తుపాకీ రెండు గొట్టాలూ ఒకేసారి పేలాయి.

ఎద్దు రంకె వినగానే మరిడమ్మ చెవులు మూసుకుని రాతికి తల బాదుకుంది. అది చచ్చేదాకా ఏడ్చింది. తన చేత్తో తవుడు పెట్టిన జీవం కదా. ఆ రోజు నుంచి పోయేదాకా ఆమె పెరుగు ముట్టలేదు, పాలు ముట్టలేదు. ఎద్దును మింగింది అనే వాళ్ళకి ఈ సంగతి కూడా తెలియాలి.

గెడ్డ వెంబడి దిగువకి పోయి, గడ్డి కోసుకొస్తున్నవాళ్ళలా మోపులెత్తుకుని దారిన మేమూ అక్కడికి చేరాం. అందరూ దాని చుట్టూ నిలబడి ఉన్నారు. నరసింగరావు దాని మెడ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. "పంది కూసింది, మీరూ ఇన్నారు కదా! పంది కూసింది!" అంటున్నాడు. విన్నామన్నారు అందరూ. పంది అడుగు మాత్రం ఎక్కడా లేదు. కూర్మయ్య లాంతరు దగ్గర పెట్టి ఎద్దు ఛాతీ కేసి చూశాడు. తెల్లటి తోలు మీద రేగి గింజంత చిల్లులు. లాంతరు ఎత్తి, గడ్డి మోపు కింద ఉన్న మరిడమ్మ మొహం కేసి చూశాడు. చప్పున దించేశాడు.

నరసింగరావు మందమతి కాదు. వాడికీ తట్టింది. ఆమె కేసి వేలెత్తాడు. కానీ ఏమని అంటాడు? మరిడమ్మ కొమ్ము ఊదిందంటే, కొమ్ము కూత వినబడితే నువ్వు పేలుస్తావా, జోగయ్యనీ అలాగే పేల్చావా అని అడుగుతారు. ఆ వేలు దానంతటదే దిగిపోయింది.

తెల్లారేసరికి ఊరు మారిపోయింది. మనిషి పోతే నోరెత్తని ఊరు, ఎద్దు పోతే గొంతు చించుకుంది. గోహత్య అన్నారు. మంగలి నరసింగరావు గడప తొక్కలేదు, చాకలి తొక్కలేదు. కోత కూలీలు వాడి మడిలో కొడవలి పెట్టేది లేదన్నారు. పండిన వరి నిలబడి గింజ రాలుస్తోంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బావా, నువ్వు ఎద్దుగా పుట్టాల్సింది అనుకున్నాను.

శ్రీముఖలింగం నుంచి జగన్నాధం పంతులు గారిని పిలిపించారు. మా వైపు గోహత్యకి పాత ఆచారం ఒకటి ఉంది, ఆయన దాన్నే చెప్పాడు. చచ్చిన పశువు పలుపుతాడు మెడలో వేసుకోవాలి. మనిషి మాట ఒక్కటి మాట్లాడకూడదు. ఊళ్ళో ప్రతి గుమ్మం ముందూ నిలబడి ఆ పశువులా అరవాలి. ఇంటివాళ్ళు పిడికెడు బియ్యం వేస్తే అది వండుకుని ఊరి బయట తినాలి. "ప్రతి ఇంటి బియ్యమూ పడాలి. ఒక్క గుమ్మం తప్పినా పాపం తీరదు. పలుపు మెడలో ఉండగా అబద్ధం ఆడితే అది రెట్టింపు అవుతుంది" అన్నాడు.

ప్రతి ఇల్లూ అన్నాడు. మరిడమ్మ ఆ మాట విని లోపలికి పోయి, చాలా సేపు గోడకి ఆనుకుని కూర్చుంది.

వాడు వచ్చాడు. పట్టుపంచెల బాబు, గోచీ పెట్టుకుని, మెడలో తెల్లోడి పలుపు వేసుకుని, బియ్యానికి గుడ్డ జోలె పట్టుకుని వీధి మొదటినుంచీ ఇంటింటికీ వచ్చాడు. "అంబా" అన్నప్పుడల్లా ఎక్కడో ఒక నవ్వు. ఊరంతా వెంట నడిచింది. మా గుమ్మం ముందుకి వచ్చేసరికి ఎవరూ నవ్వలేదు. కూర్మయ్యా, పంతులు గారూ, సోములూ అందరూ ఆగారు. మరిడమ్మ అరుగు మీద కూర్చుని కొమ్ము గీకుతోంది. నేను లోపల గడప దగ్గర ఉన్నాను.

"అంబా" అన్నాడు వాడు.

ఆమె తల ఎత్తింది. "అలగ కాదు బాబూ. అది పెయ్యి అరుపు. తెల్లోడిది పెద్ద గొంతు. కడుపులోంచి రావాల."

వాడి మొహం నల్లబడింది. మళ్ళీ అరిచాడు, కడుపులోంచి.

"బాగున్నాది" అంది. కొమ్ము పక్కన పెట్టి లేచింది. "బియ్యం ఎయ్యడానికి ముందు ఒక సంగతి అడగాల."

కూర్మయ్య అడ్డం వచ్చాడు. "ఆయన మాటాడకూడదమ్మా, వ్రతం సెడిపోతాది."

"మాట అడగడం నేదు మావా. కూత అడుగుతన్నాను. జంతువుల కూతలు నాకు బాగా తెలుస్తాయి." వాడి కళ్ళలోకి చూసింది. "నా మొగుడు జోగయ్యని ఆ తుప్పల్లో తుపాకీతో కాల్సి సంపినోడివి నువ్వేనా? అవునంటే ఒక్కసారి అరువు. కాదంటే రెండుసార్లు అరువు. మెడలో పలుపు ఉన్నాది, మర్సిపోకు."

వాడు పంతులు గారి కేసి చూశాడు. ఆయన తల తిప్పుకున్నాడు. కూర్మయ్య కేసి చూశాడు, ఆయన నేల చూశాడు. సోములు ఒక్కడు మాత్రం వాడి కళ్ళలోకి సూటిగా చూశాడు. ఏడాది తర్వాత తల ఎత్తడం అదే. నరసింగరావు మెడలో పలుపు తడుముకున్నాడు.

"అంబా."

ఒక్కసారి. రెండోది వస్తుందేమోనని అందరం నిలబడ్డాం. రాలేదు. వాడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. వెనక ఎవరో ఆడమనిషి "ఓలమ్మో, జోగయ్యా" అని బావ పేరు పెట్టి ఏడవడం మొదలెట్టింది. ఏడాది ఆలస్యంగా ఊరు మా బావకోసం ఏడ్చింది. సోములు రెండు చేతులతో మొహం బాదుకున్నాడు.

"ఒప్పుకున్నాడమ్మా" అన్నాడు కూర్మయ్య. "అందరం ఇన్నాం. పందీ నేదు, గిందీ నేదు. ఈయనే కాల్సినాడు. ఇంక ఆ పిడికెడు బియ్యం ఏసీ తల్లీ. కోతలు ఆగిపోనాయి."

మరిడమ్మ లోపలికి వచ్చింది. వేస్తుందనే అనుకున్నాను నేను. ఆచారానికి ఎదురు తిరగడం ఈ ఊళ్ళో ఎవరికీ అలవాటు లేదు. బియ్యం కుండ ముందు నిలబడింది. చెయ్యి పెట్టలేదు. వెనక్కి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. గడియ పెట్టింది. ముష్టివాళ్ళతో ఎలా అంటామో, అదే గొంతుతో తలుపు సందులోంచి అంది.

"సెయ్యి కాలీ నేదు. పైకెల్లు."

బయట వాడు మళ్ళీ అరిచాడు. వరసపెట్టి అరుస్తూనే ఉన్నాడు. ఆమె చెవిన పెట్టలేదు. పీట వాల్చుకుని కూర్చుంది. బావ పోయిన దగ్గర్నుంచి గంజి తప్ప ఏదీ ఎరగని మనిషి, చీర చెంగుతో మొహం తుడుచుకుని నాకేసి చూసింది.

"బుల్లీ, ఈవేల కూర ఏటి ఒండుదుం?" అంది.